షవర్ సన్నబడినా, టైరు కూర్చున్నా: ప్రెషర్ ఎక్కడ పోతోందో మీరే పట్టుకునే పద్ధతి

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే పై వాటా నుంచి మా అత్తయ్య కేకేసింది. "షవర్‌లో నీళ్లు దారప్పోగులా వస్తున్నాయిరా, తల తడిసేసరికి మధ్యాహ్నమయ్యేలా ఉంది" అని. ప్లంబర్ వచ్చాడు, షవర్ ఒకసారి తిప్పి చూశాడు, "బూస్టర్ పంపు పెట్టాల్సిందే సార్, పద్దెనిమిది వేలవుద్ది" అన్నాడు. ఆలోచించి చెబుతానని పంపించి, కారు తీద్దామని కిందికి దిగితే ముందు ఎడమ టైరు కూర్చుని ఉంది. ఆ వారంలో అది రెండోసారి.

సాయంత్రానికి రెండూ తేలాయి. మేడ మీద గేట్ వాల్వ్ లోపలి బిళ్ల ఊడి, పైపుకు అడ్డంగా వేలాడుతోంది. టైరుకేమో వాల్వ్ పిన్ కారుతోంది. కొత్త బాల్ వాల్వ్‌కు కొన్ని వందలు, పిన్‌కు ఇరవై రూపాయలు. పంపుతో పని పడలేదు, టైరుతోనూ పడలేదు.

నీళ్లయినా, గాలయినా, ఇంజన్ ఆయిలయినా వెతికే పద్ధతి ఒక్కటే. ప్రెషర్ ఎక్కడో ఒకచోట పుట్టాలి. అడ్డం లేకుండా నడవాలి. మధ్యలో కారిపోకూడదు. ఈ మూడింట్లో ఏది తప్పిందో తేల్చుకోకముందే సామాను మార్చేస్తే డబ్బు దండగ. నాలుగోది కూడా ఒకటుంది: ప్రెషర్ బాగానే ఉండి, చూపించే మీటరో సెన్సరో అబద్ధం చెప్పడం. ఇది ఇంట్లో కన్నా బండిలో ఎక్కువ.

ముందు చిన్న లెక్క

నిలువుగా 10 మీటర్ల ఎత్తు నీళ్లు ఉంటే అడుగున పుట్టే ప్రెషర్ సుమారు 1 బార్. టైరు భాషలో 14 పీఎస్ఐ. మన ఇళ్లలో ఒక అంతస్తు ఎత్తు దాదాపు 3 మీటర్లు కాబట్టి, ట్యాంకు నుంచి ఒక్కో అంతస్తు దిగేకొద్దీ నాలుగు పీఎస్ఐ పైచిలుకు పెరుగుతుంది. ట్యాంకులో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నది దీనికి సంబంధం లేదు. ఐదు వందల లీటర్ల ట్యాంకైనా ఐదు వేల లీటర్లదైనా, నీటిమట్టం ఒకే ఎత్తులో ఉంటే ప్రెషర్ ఒకటే.

కారు టైరులో ఉండే 33 పీఎస్ఐని నీళ్లతో పుట్టించాలంటే ట్యాంకును 23 మీటర్ల ఎత్తులో, అంటే ఏడంతస్తుల పైన పెట్టాలి. అదే మేడ మీది ట్యాంకు మట్టానికీ, పై వాటా షవర్‌కూ తేడా రెండు మీటర్లే అయితే అక్కడ దొరికేది మూడు పీఎస్ఐ కన్నా తక్కువ. అందుకే పై అంతస్తులో షవర్ మొదటి నుంచీ నీరసంగానే ఉంటే అది రోగం కాదు, ఇంటి కొలతల ఫలితం. కిందటి నెల వరకు బాగుండి ఇప్పుడు తగ్గితేనే రోగం. మొదట మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

ఇంకో మాయ ఉంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు, దారిలో వాల్వ్ ముప్పావు వంతు మూసుకుపోయి ఉన్నా సరే, ప్రెషర్ పూర్తిగా కనిపిస్తుంది. నీళ్లు కదిలినప్పుడే అడ్డం బయటపడుతుంది. కుళాయి తిప్పగానే ఒక్క క్షణం జోరుగా కొట్టి వెంటనే సన్నబడిందా? పుట్టేచోట లోపం లేదు, దారిలో అడ్డం ఉందని అర్థం. మా అత్తయ్య షవర్‌లో జరిగింది సరిగ్గా ఇదే. ప్లంబర్ చూసింది మాత్రం సన్నబడ్డాక.

ఇంటి నీళ్లు: అడుగు అడుగునా

మొదటి అడుగు, బకెట్ పరీక్ష. లీటరు సీసాతో పది సార్లు పోసి బకెట్‌కు మార్కర్‌తో గీత పెట్టండి. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, ఒక్కో కుళాయి కింద ఆ గీత వరకు నిండటానికి ఎంతసేపు పడుతుందో కాగితం మీద రాసుకోండి. మామూలు కుళాయికి నిమిషం అటూ ఇటూ పడితే ఫర్వాలేదు. ఆ అంకె కన్నా కుళాయిల మధ్య తేడానే ముఖ్యం. వంటింట్లో 55 సెకన్లు, బాత్రూమ్‌లో మూడు నిమిషాలు అయితే ట్యాంకునూ మోటారునూ అనుమానించక్కర్లేదు.

రెండో అడుగు, లోపం ఎంతమేరకు ఉందో చూడటం.

ఒక్క కుళాయిలోనే తక్కువైతే దాని మూతి దగ్గరే మొదలెట్టండి. మూతికి బిగించిన చిన్న జాలీని విప్పితే ఇసుక రేణువులు, సున్నం పెచ్చులు, టెఫ్లాన్ టేపు ముక్కలు రాలతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో షవర్ చిల్లులు తెల్లగా పూడుకుపోవడం మామూలే. రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో జాలీని, షవర్ తలను రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు, పైపూత లేచిపోతుంది. అప్పటికీ ధార రాకపోతే గోడలో ఉండే యాంగిల్ వాల్వ్ చూడండి. టైల్స్ కడిగేటప్పుడు చెయ్యి తగిలి సగం తిరిగిపోయిన వాల్వ్‌లు నేను చాలా చూశాను. ఆ తర్వాత వంతు దానికి తగిలించిన మెత్తటి పైపుది, లోపల మడత పడి ఉంటుంది.

వేడినీళ్లే తక్కువ, చన్నీళ్లు బాగున్నాయంటే దారి గీజర్‌లోంచి వెళ్తుంది. లోపలికి వెళ్లే చోట, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ ఇరుక్కోవడం, ట్యాంకులో సున్నం పేరుకోవడం ముఖ్య కారణాలు. గీజర్ పక్కన సేఫ్టీ వాల్వ్ నుంచి, వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడితే కంగారు పడకండి. నీళ్లు వేడికి వ్యాకోచించి ఆ దారిన బయటికి వస్తున్నాయి. ఆగకుండా కారితే వాల్వ్ మార్పించండి. కారుతోందని దానికి బిరడా కొట్టేవాళ్లను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. థర్మోస్టాట్ చెడిపోయిన రోజున గీజర్ పేలకుండా కాపాడేది ఆ రంధ్రమే.

ఒక వాటా మొత్తానికి తక్కువైతే మేడ ఎక్కాలి. ట్యాంకు నుంచి దిగే ఒక్కో పైపుకూ ఒక్కో వాల్వ్ ఉంటుంది. పాత ఇత్తడి గేట్ వాల్వ్‌లతో చిక్కేమిటంటే, చక్రం హాయిగా తిరుగుతుంది, లోపల బిళ్ల మాత్రం కాడ నుంచి ఊడి కిందే ఉండిపోతుంది. పైకి తెరిచినట్టే కనిపిస్తుంది. చక్రం చివరిదాకా తిప్పినప్పుడు గట్టిగా ఆగిన భావన రాకపోతే అనుమానించండి. మార్చేటప్పుడు మళ్లీ గేట్ వాల్వ్ పెట్టించకుండా, పిడి పావు వంతు తిరిగే బాల్ వాల్వ్ అడగండి. అందులో పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

ట్యాంకు కడిగించిన మర్నాడు నీళ్లు కక్కుతూ, బుసబుసమంటూ వచ్చి ఆగిపోతే పైపులో గాలి చిక్కుకుంది. పిట్టగోడ మీదుగా ఎక్కి దిగే పైపుల్లో ఇది ఎక్కువ. ఆ మలుపు పైన గాలి గుమిగూడి, కొద్దిపాటి నీటి ప్రెషర్‌ను అడ్డుకుంటుంది. ట్యాంకు నిండా నింపి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయిలన్నీ ఒకేసారి పూర్తిగా తెరవండి. జోరు మీద గాలి కొట్టుకుపోతుంది. ప్రతిసారీ ఇదే గోలయితే, ట్యాంకు నుంచి దిగే పైపుకు ఒక గాలి గొట్టం పెట్టించాలి. దాని పైకొన ట్యాంకు నిండు మట్టం కన్నా ఎత్తులో ఉండి, చెత్త పడకుండా కిందికి వంగి ఉండాలి.

మూడో అడుగు పైపు లావు. జాలీలు, వాల్వ్‌లు అన్నీ బాగుండి ఇల్లంతా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే లోపల పైపే సన్నబడింది. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపును కోసి చూస్తే తుప్పు గడ్డలు కట్టి పెన్సిల్ దూరేంత సందు మిగిలి ఉంటుంది. వ్యాసం చేసే తేడా మనం ఊహించినదానికన్నా చాలా పెద్దది. అదే నీళ్లు అరంగుళం పైపులో బదులు ముప్పావంగుళం పైపులో నడిస్తే రాపిడికి పోయే ప్రెషర్ దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. ఇల్లు కడుతున్నవాళ్లకు నా సలహా ఇదే: ట్యాంకు దించే పైపు లావుగా పెట్టి, కుళాయి దగ్గరికి వచ్చాకే సన్నం చేయండి. ట్యాంకును ఎత్తు పెంచడం మంచిదే కానీ దాని మీద మరీ ఆశలు పెట్టుకోకండి. రెండు మీటర్ల ఎత్తును నాలుగు చేస్తే ధార రెట్టింపు కాదు, ఒకటికి ఒకటిన్నర కూడా పెరగదు.

పెద్ద అపార్ట్‌మెంట్లలో గోడు తిరగబడుతుంది. పదిహేనో అంతస్తు పైన ట్యాంకు ఉంటే కింది ఫ్లాట్లకు నాలుగున్నర బార్ దాకా ప్రెషర్ దిగుతుంది. టాయిలెట్ జెట్ స్ప్రే పైపులు పగలడం, వాషింగ్ మెషీన్ ఆగినప్పుడల్లా గోడలో ధన్‌మని చప్పుడు రావడం దాని గుర్తులు. అందుకే మధ్య అంతస్తుల్లో ప్రెషర్ తగ్గించే వాల్వ్‌లు పెడతారు. ఒకే వరసలో నాలుగైదు అంతస్తుల వాళ్లకు ఒకేసారి నీళ్లు తగ్గితే ఆ వాల్వ్‌లోని జల్లెడ పూడుకుందేమో చూడమని మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పండి.

సంపు, మోటారు, మంజీరా నీళ్లు

మన హైదరాబాద్‌లో నల్లా నీళ్లు ఎక్కడివైనా సరే చాలామందికి అవి "మంజీరా నీళ్లే". కృష్ణా, గోదావరి నీళ్లు కూడా కలిసి వస్తున్నా పేరు మారలేదు. రిజర్వాయర్ నుంచి వచ్చే పైపు ఎత్తుపల్లాల మీదుగా నడుస్తుంది కాబట్టి గుట్ట మీది గల్లీకి, లైను చివర ఇంటికి ఎప్పుడూ తక్కువే. పక్కింటికి బాగా వస్తూ మీకే తగ్గితే లోపం మీ కనెక్షన్‌లో ఉంది. మీటర్ ముందు ఉండే చిన్న జల్లెడ విప్పించి కడిగించండి. తర్వాత సంపులోకి వెళ్లే వాల్వ్ కట్టేసి, నీళ్లు వచ్చే వేళలో మీటర్ చూడండి. ముల్లు కదులుతూ ఉంటే మీటర్‌కూ సంపుకూ మధ్య నేలలో కారుతోంది. వీధి మొత్తానికి తక్కువైతే జలమండలి 155313కి ఫోన్ చేయడమే మార్గం.

నల్లాకు నేరుగా మోటారు బిగించడం నిషేధం. జరిమానా సంగతి అటుంచి, అది ఎంత ప్రమాదమో చెప్పాలి. మోటారు లాగినప్పుడు వీధి పైపులో ప్రెషర్ బయటి కన్నా పడిపోతుంది. ఆ పైపుకు ఎక్కడ చిన్న చిల్లు ఉన్నా, దాని పక్కన డ్రైనేజీ ఊట ఉంటే, ఆ మురుగు లోపలికి వస్తుంది. వీధిలో ఒక్కరు మోటారు పెడితే గల్లీ అంతా తాగేది ఆ నీళ్లే.

సంపు నుంచి ట్యాంకు నిండటానికి మామూలుగా ఎంతసేపు పడుతుందో ఒకసారి రాసి మోటారు స్విచ్ పక్కన అంటించండి. ఆ సమయం పెరిగిందంటే వరసగా ఇవి చూడాలి: మోటారు రోజూ నీళ్లు పోస్తేగానీ ఎత్తడం లేదా? సంపులో పైపు అడుగున నీళ్లను కిందికి జారనివ్వని ఫుట్ వాల్వ్ కారుతోంది. మోటారు గుంయ్‌మని మూలుగుతూ తిరగలేకపోతోందా? కెపాసిటర్ లేదా ఓల్టేజీ. హుషారుగా తిరుగుతోంది కానీ ధారే సన్నంగా ఉందా? సంపు వైపు పైపు జాయింట్‌లో గాలి పీలుస్తోంది, లేదా లోపల నీళ్లను తోసే చక్రం (ఇంపెల్లర్) అరిగింది. గాలి పీల్చే జాయింట్ బయటికి నీళ్లు కారదు, అందుకే కనపడదు. మోటారు నడుస్తుండగా జాయింట్ల మీద సబ్బు నురగ పూస్తే అది లోపలికి పోతుంది.

బండి దగ్గరికి వస్తే: టైరు

మొదట సొంతంగా ఒక ప్రెషర్ గేజ్ కొనుక్కోండి. బంకుకో గేజ్ ఒక్కో అంకె చూపిస్తుంది. ఎప్పుడూ ఒకే గేజ్ వాడితే, అది ఒక పీఎస్ఐ అటూ ఇటూ ఉన్నా తేడా మాత్రం నిజమే చెబుతుంది. బంకులో కుర్రాడు "ఎంత సార్?" అంటే "నార్మల్" అని చెప్పకండి. మీ కారు డ్రైవర్ తలుపు తెరిస్తే ఆ చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది, ముందు వెనక చక్రాలకు, నిండు మనుషులతో వెళ్లేటప్పుడు ఎంతో విడివిడిగా రాసి ఉంటుంది. టైరు గోడ మీద అచ్చయి ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ప్రెషర్, మీరు కొట్టించాల్సింది కాదు.

బండి మూడు గంటలైనా నిలబడ్డాకే కొలవాలి. నడిపాక టైరు వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. ఎండలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ యాభై కిలోమీటర్లు వచ్చాక కొలిచి, ఎక్కువుందని గాలి తీయించేస్తే, చల్లారేసరికి తక్కువైపోతుంది. తక్కువ గాలితో పరిగెత్తే టైరు గోడలు ముడుచుకు విచ్చుకుంటూ ఇంకా వేడెక్కుతాయి. వేసవిలో టైర్లు పేలడానికి అదొక ముఖ్య కారణం. ఎండాకాలం కదా అని స్టిక్కర్ కన్నా తక్కువ కొట్టించడం అలవాటున్నవాళ్లు దయచేసి మానేయండి.

వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే సుమారు రెండు పీఎస్ఐ తగ్గుతుంది. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ కోల్పోతుంది. మే నెలలో నింపి మర్చిపోయి జనవరిలో చూస్తే నాలుగు చక్రాలూ సమానంగా దిగి ఉంటాయి. అది పంచర్ కాదు. ఒక్క చక్రమే మిగతావాటికన్నా వేగంగా దిగితేనే కారుతున్నట్టు.

కారే చోటును పట్టడానికి డిష్‌వాష్ కలిపిన నీళ్లు చాలు. ముందుగా వాల్వ్ మూత తీసి పిన్ మీద ఒక చుక్క వేయండి. మెల్లగా బుడగ ఉబ్బితే పిన్ మార్చాలి. మా కారును రెండుసార్లు పంచర్ షాపుకు తీసుకెళ్తే నీళ్ల తొట్లో టైరు తిప్పి "ఏం లేదు" అన్నారు. మూడోసారి వేరే షాపులో పెద్దాయన వేలికి ఉమ్మి తడి చేసి వాల్వ్ మీద పెట్టాడు. పది సెకన్లకు ఒక చిన్న బుడగ లేచింది. తర్వాత వాల్వ్ రబ్బరు మొదట్లో వంచి చూడండి, పగుళ్లుంటే అక్కడ కారుతుంది. ఆపైన మేకు కోసం టైరు ముఖం, చివరగా టైరు అంచు రిమ్‌ను పట్టుకునే చోటు. గుంతలో పడి రిమ్ వంగినా, రిమ్‌కు తుప్పు పట్టినా ఆ అంచు వెంట సన్నగా పోతూ ఉంటుంది. టైరు ఊడదీసి రిమ్ గీకిస్తే సరిపోతుంది.

స్టెప్నీని మర్చిపోకండి. ఏడాది తర్వాత అవసరపడిన రోజున అదీ కూర్చునే ఉంటుంది. నైట్రోజన్ గురించి అడుగుతారు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఊరికే ఇస్తే కొట్టించుకోండి, డబ్బిచ్చి కొట్టించేంత లాభం సొంత బండ్లకు నాకు కనపడలేదు.

ఆయిల్, బ్రేక్, రేడియేటర్

నడుస్తుండగా ఎర్ర నూనె డబ్బా బొమ్మ వెలిగితే "ఇంటికెళ్లి చూద్దాం" అనుకోకండి. పక్కకు తీసి, వెంటనే ఇంజన్ ఆపండి. చదునైన చోట పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. తక్కువుంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి, దీపం ఆరితేనే కదలండి. మట్టం సరిగ్గా ఉన్నా వెలుగుతోందంటే పంపు, పూడుకున్న జల్లెడ, అరిగిన బేరింగులు, లేదా చెడిన సెన్సర్ స్విచ్ కావచ్చు. సెన్సరే అని పందెం కాయకుండా బండిని లాక్కెళ్లించండి. పందెం ఓడితే పోయేది ఇంజన్.

బ్రేక్ సంగతి మీ కాలే చెబుతుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడుతుంటే పైపుల్లో గాలి చేరింది. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల గానీ బయట ఎక్కడైనా గానీ కారుతోంది. ఇక ఆ బండిని నడపకండి. రాయిలా గట్టిగా ఉంటే, కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు. దీన్ని ఇంటి ముందే చూడొచ్చు: ఇంజన్ ఆపి నాలుగుసార్లు తొక్కి, కాలు అలాగే పెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మట్టం తగ్గకపోయినా కంపెనీ చెప్పిన గడువుకు మార్పించాలి.

రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, ప్రెషర్ వాల్వ్. అది సుమారు ఒక బార్ ప్రెషర్ నిలిపి ఉంచబట్టే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగదు. దాని రబ్బరు ఎండిపోతే ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి పోతుంది, మట్టం తగ్గుతుంది. ఖరీదైన రిపేర్లకు ముందు మూత మార్చి చూడండి. వేడిగా ఉండగా మాత్రం దాన్ని తిప్పొద్దు, ముఖం కాలుతుంది. తగ్గిందని బోరు నీళ్లు పోయకండి. షవర్ చిల్లులు పూడ్చిన సున్నమే రేడియేటర్ సన్న గొట్టాలనూ పూడుస్తుంది.

బూస్టర్ పంపు ఇప్పటికే ఉంటే

అన్నీ చూశాక కూడా పై వాటాకు ఎత్తు చాలక పంపు పెట్టించుకున్నవాళ్లుంటారు, తప్పేం లేదు. దాన్ని ట్యాంకు నుంచి దిగే పైపుకే పెట్టాలి. గుండ్రటి ప్రెషర్ ట్యాంకు ఉన్న పంపు కొన్నాళ్లకు కుళాయి తిప్పినప్పుడల్లా టక్కున ఆన్, టక్కున ఆఫ్ అవుతూ ఉంటుంది. చాలాసార్లు అది మోటారు లోపం కాదు, ట్యాంకులో గాలి తగ్గడం. ఆ ట్యాంకు వెనక చిన్న మూత విప్పితే కనిపించేది అచ్చం కారు టైరు వాల్వే.

పంపు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, కుళాయి తెరిచి ట్యాంకులో నీళ్లన్నీ వదిలేయండి. నీళ్లుండగా కొలిస్తే అంకె తప్పు వస్తుంది. తర్వాత మీ టైరు గేజ్ పెట్టి చూడండి. పంపు ఏ ప్రెషర్ దగ్గర స్టార్ట్ అవుతుందో దానికన్నా రెండు పీఎస్ఐ తక్కువ ఉండాలి. 20 దగ్గర స్టార్ట్ అయ్యేదానికి 18 అన్నమాట. తక్కువుంటే సైకిల్ పంపుతో కొట్టండి. పిన్ నొక్కినప్పుడు గాలికి బదులు నీళ్లు చిమ్మితే లోపలి రబ్బరు సంచి చిరిగింది, అప్పుడు మాత్రం మెకానిక్‌ను పిలవండి.